మా రోజుల్లో పుస్తకానికి తారీఖు ఉండేది

కౌన్సెలర్లకూ, సైకాలజిస్టులకూ, మానసిక వైద్యులకూ కంప్యూటర్ నేర్పుతామంటూ ఈమధ్య వస్తున్న పుస్తకాలు చూస్తుంటే నాకు కడుపు మండుతోంది. అట్ట మీద మెదడు బొమ్మ, దాని చుట్టూ నీలిరంగు తీగలు, లోపల మూడు వందల పేజీలు. ఏ సంవత్సరపు కంప్యూటర్ గురించి రాశారో ఉండదు. ఏ వెర్షన్ ఎక్సెల్ ముందు పెట్టుకుని రాశారో ఉండదు. రాసినాయన ఏనాడైనా ఒక పేషెంటు ఎదుట కూర్చున్నాడా లేదా అన్నది తెలిసే ఒక్క వాక్యం కనపడదు. పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం వైపు ఫ్యాక్టరీల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, తాగుడు మాన్పించే కేంద్రాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈ పుస్తకాలనే నమ్ముకుని కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. వాళ్లు అందులోకి ఎక్కించేది సరుకు లెక్కలు కావు. ఒక మనిషి ఇంట్లో భార్యకు కూడా చెప్పుకోని మాటలు.

మా రోజుల్లో ఇట్లా లేదంటే ముసలివాళ్లందరూ అనే మాటేలే అనుకుంటారు. అనుకోనివ్వండి. పుస్తకాన్ని నమ్మి పనిచేసినప్పుడు పేషెంటుకు ఏమవుతుందో నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఈ పనిలో మన జిల్లాకు ఒక చరిత్ర ఉంది. ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. పెద్దాసుపత్రి గోడల బయట, పల్లెల్లో ఈ వైద్యం ఎట్లా అందించాలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో చేసి చూపించారు. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైతే, అందులో మన మెదక్ ఒకటి. మిగిలినవి అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా మెదక్ జిల్లాకు ముఖ్యపట్టణం సంగారెడ్డే. నేను సోషల్ వర్కర్‌గా ఈ పనిలోకి దిగింది ఆ కార్యక్రమం మొదలైన కాలంలోనే.

అప్పట్లో మా చేతికి వచ్చిన పుస్తకాలు ఎట్లా తయారయ్యాయో తెలిస్తే ఇప్పటి పుస్తకాల మీద నాకెందుకు కోపమో అర్థమవుతుంది. ఆరోగ్య కార్యకర్తల కోసం, పీహెచ్‌సీ డాక్టర్ల కోసం నిమ్‌హాన్స్ వైద్యులు చేతిపుస్తకాలు రాశారు. గదిలో కూర్చుని రాసినవి కావవి. బెంగళూరు పక్కన సకలవార గ్రామీణ కేంద్రంలో నిజమైన కార్యకర్తలకు నేర్పి, వాళ్లకు ఎక్కడ అర్థం కాలేదో చూసి, మార్చి రాసినవి. ఫిట్స్ వచ్చిన మనిషిని ఎట్లా పడుకోబెట్టాలో రాశారంటే, అది చదివిన ఏఎన్ఎం చేసి చూపించగలిగిందా లేదా అని వాళ్లు చూసుకున్నారు. పుస్తకం మీద నమ్మకం అట్లా పుట్టింది.

కంప్యూటర్ పుస్తకాల సంగతీ అంతే. కోఠిలో దుకాణాలు తిరిగి, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చుకునేవాళ్లం. అట్ట మీదే రాసి ఉండేది: డీబేస్ త్రీ ప్లస్ అనో, వర్డ్‌స్టార్ 4 అనో, ఎంఎస్ డాస్ 6.22 అనో. నీ దగ్గర ఉన్నది వేరేదైతే ఈ పుస్తకం నీది కాదని కొనకముందే తెలిసిపోయేది. రాసినవాడు ప్రతి కమాండూ కొట్టి చూసినట్టు కనపడేది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొడితే, పుస్తకంలో చూపిన జవాబే తెర మీదికి వచ్చేది. రాకపోతే తప్పు నీదో అచ్చుదో పావుగంటలో తేలిపోయేది. వి. రాజారామన్ గారి ఫోర్ట్రాన్ పుస్తకంతో దేశమంతా ప్రోగ్రామింగ్ నేర్చుకుందంటే కారణం ఉంది. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 వచ్చాక అక్కడి పిల్లలకు పాఠం చెప్పి, ఆ పాఠాల నోట్సునే ఆయన పుస్తకం చేశారు. అమెరికాలో డొనాల్డ్ నూత్ అనే పెద్దమనిషి తన పుస్తకంలో తప్పు పట్టి చూపినవాళ్లకు 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసి పంపేవాడు. తప్పును తప్పని ఒప్పుకోవడం ఆ తరం రచయితల్లో ఉండేది. ఇప్పటి మన పుస్తకాల వెనక పేజీలో తప్పొప్పుల పట్టిక ఎక్కడైనా కనపడుతుందా?

న్యాయంగా చెప్పాలంటే ఆనాటి పుస్తకాలూ ఒక పెద్ద విషయం దాచాయి. దాచాయనడం కంటే, వాళ్లకది తట్టలేదనడం సరి. డాస్‌లో డెల్ అని కొడితే ఫైలు చెరిగిపోతుందని రాసేవాళ్లు. చెరగదు. ఫైళ్ల జాబితాలో ఆ పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, దాని చోటు ఖాళీ అని నమోదవుతుంది, అంతే. లోపలి రాత డిస్కు మీద ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని మీద ఇంకొక ఫైలు వచ్చి కూర్చునేదాకా. 1991లో వచ్చిన డాస్ 5లో పోయిన ఫైలును వెనక్కి తెచ్చే అన్‌డిలీట్ కమాండును కంపెనీ వాళ్లే ఇచ్చారు. లెక్కల గుమాస్తాకు అది వరం. పేషెంటు చెప్పుకున్న గుట్టును చెరిపేశానని నిశ్చింతగా ఉన్న సైకాలజిస్టుకు అదే ప్రమాదం. ఒకే కమాండు ఇద్దరికీ రెండు రకాలుగా పనిచేస్తుందని చెప్పడానికే గదా ఈ వృత్తికి ప్రత్యేకంగా పుస్తకం కావాల్సింది! నేను చూసిన ఆనాటి పుస్తకాల్లో ఆ మాట రాసినది లేదు.

కానీ అప్పుడు కంప్యూటర్ ఒక గదిలో ఉండేది. గదికి తాళం ఉండేది. ఫ్లాపీలు ఇనుప బీరువాలో, కేసు షీట్ల పక్కనే ఉండేవి. పుస్తకం చెప్పని జాగ్రత్తను ఆ తాళం కొంత కాపాడింది. ఇప్పుడు ఆ తాళం లేదు. పేషెంటు మాట ఫోనులో ఉంటుంది, ఇంకెక్కడో ఉన్న సర్వర్‌లో ఉంటుంది, వాట్సాప్ బ్యాకప్‌లో ఉంటుంది. అందుకే ఆనాటి పుస్తకం కంటే ఈనాటి పుస్తకం పదింతలు నమ్మదగినదై ఉండాలి. జరుగుతున్నది దానికి తలకిందులు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఈ ప్రాంతంలో పనిచేస్తున్న ఒక కౌన్సెలర్ అమ్మాయి, మంచి పనిమంతురాలు, ఫ్యాక్టరీ కార్మికుల ఒత్తిడిని కొలవడానికి ఎక్సెల్ షీటు తయారు చేసుకుని నాకు చూపించింది. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ అని పది ప్రశ్నల కొలత ఉంది. ఒక్కొక్క ప్రశ్నకు సున్నా నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 40. షీటు చూస్తే ఫ్యాక్టరీలో దాదాపు అందరికీ మధ్యస్థ ఒత్తిడే వచ్చింది. రాత్రి షిఫ్టులో రియాక్టర్ దగ్గర నిలబడేవాడికీ, ఆఫీసులో కూర్చునేవాడికీ ఒకటే.

"ఇదెట్లా వచ్చిందమ్మా?" అన్నాను.

"పుస్తకంలో ఇట్లనే ఉంది కద సార్. ఫార్ములా కూడా అదే పెట్టిన" అంది.

పుస్తకం తెరిపించాను. పది గడులనూ సమ్ ఫార్ములాతో కూడేయమని రాసి ఉంది. అక్కడే గొంతు కోసింది. ఆ పది ప్రశ్నల్లో 4, 5, 7, 8 తిరగేసి అడిగేవి. నీ కష్టాలను నువ్వు నెగ్గుకురాగలనన్న ధైర్యం ఉందా, పనులు నువ్వు అనుకున్నట్టు జరుగుతున్నాయా అన్న తరహావి. వాటికి 4 వేసుకున్నవాడు హాయిగా ఉన్నాడని అర్థం. కాబట్టి ఆ నాలుగింటి మార్కులను తిప్పి, 4ను సున్నాగా, 3ను 1గా మార్చి, అప్పుడు కూడాలి. తిప్పకుండా కూడితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూపించాను. ఏ బాధా లేనివాడు మిగతా ఆరింటికీ సున్నా వేసి, ఈ నాలుగింటికీ 4 చొప్పున వేస్తే 16 వస్తుంది. అతడికి అసలు రావాల్సింది సున్నా. పూర్తిగా కుంగిపోయినవాడు ఆరింటికీ 4 చొప్పున వేసి, ఈ నాలుగింటికీ సున్నా వేస్తే 24 వస్తుంది. అతడికి రావాల్సింది 40. సాధారణంగా వాడే విభజనలో 14 నుంచి 26 దాకా మధ్యస్థం. హాయిగా ఉన్నవాడూ, కూలిపోతున్నవాడూ ఒకే గడిలో పడ్డారు. ఆ పుస్తకం ఎంతమంది చేతుల్లో ఉందో, ఎన్ని ఫ్యాక్టరీల రిపోర్టులు దాన్ని బట్టి వెళ్లాయో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టలేదు. రచయిత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన ఫార్ములాలో ఇద్దరు మనుషుల మార్కులు వేసి చూసుకుని ఉంటే తప్పు బయటపడేది.

అదే పుస్తకంలో దిగులు జబ్బును కొలిచే పీహెచ్‌క్యూ 9 షీటు కూడా ఉంది. 2001లో వచ్చిన ఈ తొమ్మిది ప్రశ్నల కొలత ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతోంది. ఒక్కొక్కదానికి 3 చొప్పున మొత్తం 27. పుస్తకం ఏం చెప్పిందంటే, మొత్తం 5 లోపల ఉంటే గడికి పచ్చరంగు రావాలని, 20 దాటితే ఎరుపు రావాలని. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. ఒకాయన దానికి పూర్తి 3 వేసి, నిద్రపట్టడం లేదన్నదానికి 1 వేసి, మిగతావి సిగ్గుతోనో భయంతోనో వదిలేశాడనుకోండి. ఖాళీ గడిని సమ్ ఫార్ములా లెక్కలోకే తీసుకోదు. మొత్తం 4 వస్తుంది. పచ్చరంగు! కౌన్సెలర్ తర్వాతి మనిషిని పిలుస్తుంది. తొమ్మిదో గడిలో సున్నా కాకుండా ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ వరుస ఎర్రబడాలి. ఖాళీ గడి ఉంటే మొత్తం చూపించకుండా అడ్డుకోవాలి. కాగితం మీద లెక్క వేసిన రోజుల్లో మా కన్ను ముందు తొమ్మిదో ప్రశ్న మీదికే పోయేది. పెద్దవాళ్లు మమ్మల్ని అట్లా అలవాటు చేశారు. రంగులు చూసి నమ్మడం నేర్పిన పుస్తకం ఆ అలవాటును చంపేసింది.

మన ప్రాంతం సంగతి ఈ పుస్తకాలకు బొత్తిగా పట్టదు. కేసు హిస్టరీ ఎక్కించే నమూనా ఫారం ఇస్తారు. అమెరికా పుస్తకం లోంచి దించినదని జబ్బుల నంబర్లు చూడగానే తెలుస్తుంది. తాగుడుకు బానిస అయినవాడికి 303.90 అని ఉంటుంది. అది అమెరికా వాళ్ల మానసిక జబ్బుల పట్టిక డీఎస్ఎం 4 నంబరు. ఆ కూర్పును పక్కన పెట్టి అమెరికా వాళ్లే 2013లో డీఎస్ఎం 5 తెచ్చుకున్నారు. మన ఆసుపత్రుల్లో అలవాటైనది ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ఐసీడీ 10. అందులో ఇదే జబ్బు ఎఫ్ 10.2. పిల్లలు పుస్తకం నంబరు ఒకచోటా, ఆసుపత్రి నంబరు ఒకచోటా ఎక్కించి, ఏడాది చివర లెక్క తేలక తల పట్టుకుంటారు.

నంబర్ల సంగతి పోనీ అనుకుందాం. ఆ ఫారంలో తాగుడు దగ్గర మూడే గడులు ఉంటాయి: బీరు, వైను, విస్కీ లాంటివి. కల్లు లేదు. మెదక్ ప్రాంతంలో పనిచేసేవాళ్లు వాడే ఫారంలో కల్లు లేకపోవడమేమిటి? పైగా మన దగ్గర కల్లు అంటే ఒక్క కల్లే కాదు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన కల్లు దశాబ్దాలుగా ఈ జిల్లాల్లో మనుషుల నరాల్లోకి పోయింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి దుకాణాలు మూతపడినప్పుడు, తాగడం ఆగిపోయిన మనుషులు ఫిట్స్‌తో, వణుకుతో, లేనివి కనపడుతున్నాయంటూ తెలంగాణ జిల్లా ఆసుపత్రులకు వరుస కట్టారు. వాళ్లది సారాయి మానినవాడి బాధ ఒక్కటే కాదు, నిద్రమాత్ర మానినవాడి బాధ కూడా. ఐసీడీలో అది వేరే ఇల్లు, ఎఫ్ 13. మందు వేరు, ప్రమాదం వేరు. అల్ప్రాజోలమ్ దొంగచాటుగా తయారు చేస్తూ మన పారిశ్రామిక వాడల్లోనే పట్టుబడ్డ సంగతులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇంత జరిగిన చోట కంప్యూటర్ ఫారంలో ఆ గడి లేకపోతే కౌన్సెలర్ ఆ ప్రశ్నే అడగదు. ఫారంలో లేనిది నోటికి రాదు. మా రిజిస్టరులో గళ్లు చేత్తో గీసుకునేవాళ్లం. కల్లుకు ఒక గడి, ఏ దుకాణం కల్లు అన్నదానికి ఇంకొకటి. ఆ రెండో గడి వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో.

ఇక ఫోను మెసేజీలు. పేషెంటు మందులకు రావడం మరిచిపోకుండా ముందురోజు ఎస్ఎంఎస్ వెళ్లేటట్టు పెట్టుకోండని ప్రతి పుస్తకమూ చెప్తుంది. ఎట్లా పెట్టాలో బొమ్మలతో సహా చూపిస్తుంది. పాశమైలారంలో, గడ్డపోతారంలో రేకుల గదుల్లో ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు ఐదారుగురు కలిసి ఉంటారు. ఆసుపత్రి చీటీ మీద రాయించిన నంబరు చాలాసార్లు మేస్త్రీది, లేకపోతే పక్కవాడిది. "రేపు మీకు సైకియాట్రీ ఓపీ ఉంది" అన్న మెసేజీ మేస్త్రీ ఫోనులో మోగితే ఆ కుర్రాడి పని ఉంటుందా? నేను చూస్తుండగానే ఒక మనిషి ఉపాధి అట్లా పోయింది. మెసేజీలో ఏం రాయకూడదో, ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ముందే అడిగి గడిలో ఎక్కించుకోవాలన్న రెండు వాక్యాలు ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. సొంత గది, సొంత ఫోను ఉన్న దేశంలో రాసిన పుస్తకాన్ని ఇక్కడికి దించితే వచ్చే అనర్థమిది.

చట్టం పేజీలు మరీ ఘోరం. హిప్పా నిబంధనలు పాటించండి అని రాస్తారు. హిప్పా 1996లో అమెరికా చేసుకున్న చట్టం. సంగారెడ్డిలో పనిచేసే మనిషికి దానితో ఏం పని? మనకు 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షను పేషెంటు గుట్టును హక్కుగా చేసింది. 24వ సెక్షను కంప్యూటర్‌లో, డిజిటల్ రూపంలో ఎక్కడ దాచిన సమాచారానికైనా ఆ హక్కు వర్తిస్తుందని విడమరిచి చెప్పింది. 25వ సెక్షను తన రికార్డు తాను చూసుకునే హక్కును పేషెంటుకు ఇచ్చింది. టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ ఆఫీసరు వచ్చి "ఫలానా వర్కర్‌కు ఏం జబ్బో ఎక్సెల్ పంపండి మేడం" అని అడిగినప్పుడు ఆ అమ్మాయి ఏ కాగితం చూపించి కాదనాలి? హిప్పా చూపిస్తే ఆయన పక్కన పెట్టేస్తాడు. 23వ సెక్షను చూపిస్తే ఆగుతాడు. ఆమె చేతికి ఆ ఆయుధం అందించాల్సిన పుస్తకం వేరే దేశపు చట్టం చెప్పి ఆమెను ఉత్త చేతులతో నిలబెట్టింది.

పాస్‌వర్డ్ మూడు నెలలకోసారి మార్చండి, అందులో ఒక గుర్తు, ఒక అంకె పెట్టండి అని ఇప్పటికీ అచ్చేస్తున్నారు. ఆ సలహా 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ పత్రం నుంచి పుట్టింది. దాన్ని రాసిన బిల్ బర్ అనే ఆయనే, అందులో చాలా భాగం రాయకుండా ఉండాల్సిందని 2017లో పత్రికల వాళ్లకు చెప్పారు. అదే ఏడాది ఆ సంస్థ ఆ నియమాన్ని తీసేసింది. ఊరికే మార్చమంటే మనుషులు చివరి అంకె ఒక్కటి మారుస్తారు, లేకపోతే కాగితం మీద రాసి మానిటర్‌కు అంటిస్తారు. మన ఓపీ గదుల్లో అంటించిన ఆ కాగితాలు నేను కళ్లారా చూశాను. తల్లి చెప్పిన మాట తల్లే వెనక్కి తీసుకున్నా బిడ్డ మాత్రం పాటిస్తూ కూర్చున్నట్టుంది.

ఇవన్నీ చిన్న తప్పులేలే అనేవాళ్లకు ఫిన్లాండ్ సంగతి చెప్పాలి. అక్కడ వస్తామో అని పెద్ద సైకోథెరపీ సంస్థ ఉండేది. రికార్డుల సర్వర్‌కు సరైన కాపలా లేదు. దొంగ లోపలికి పోయి సుమారు 33,000 మంది పేషెంట్ల రికార్డులు ఎత్తుకుపోయాడు. 2020 అక్టోబరులో ఒక్కొక్క పేషెంటుకూ విడివిడిగా బెదిరింపు మెయిళ్లు వెళ్లాయి, డబ్బు కట్టకపోతే నువ్వు డాక్టరుతో చెప్పుకున్నదంతా బయట పెడతానని. కొన్ని బయట పెట్టాడు కూడా. సంస్థ దివాళా తీసింది. 2024లో ఒకడికి జైలుశిక్ష పడింది. కానీ బయటికి వచ్చిన మాటను వెనక్కి తెచ్చే కోర్టు ఏదీ లేదు. మన దేశంలో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లను దొంగలు స్తంభింపజేస్తే అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి చేతిరాతతో నడిచింది. ఇవి తెలిసిన తర్వాత కూడా "మీ నోట్సు క్లౌడ్‌లో పెట్టుకోండి, సురక్షితం" అన్న ఒక్క వాక్యంతో అధ్యాయం ముగించే రచయితకు ఈ వృత్తి గురించి రాసే అర్హత లేదు.

తారీఖు సంగతికి వస్తాను. వెబ్ వచ్చిన కొత్తలో, 1997లో, జాన్ గ్రోహోల్ అనే సైకాలజిస్టు మానసిక ఆరోగ్య సమాచారం ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్తూ తన వృత్తివాళ్ల కోసం ఒక గైడు రాశాడు. వెబ్ చిరునామాలు చెడిపోతాయని ఆయనకు తెలుసు. అందుకే సవరిస్తూ మళ్లీ మళ్లీ వేశారు, అట్ట మీద 2002/2003 కూర్పు అని ఏళ్లు అచ్చేసి మరీ. అదీ పద్ధతి. ఇప్పుడు నా బల్ల మీదున్న ఒక పుస్తకం వోబాట్ అనే చాట్‌బాట్‌ను పేషెంట్లకు సిఫారసు చేయమంటోంది. వోబాట్ యాప్ 2025 జూన్ 30న మూసేశారు. ఆ తేదీ మన వాళ్లు మరిచిపోరు. పాశమైలారం మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయింది ఆ రోజే. బతికినవాళ్లకూ, శవం కోసం గేటు ముందు ఎదురుచూసిన కుటుంబాలకూ మాట సాయం కావాల్సిన రోజుల్లో, పుస్తకం నమ్ముకున్న కౌన్సెలర్‌కు దొరికేది మూతపడ్డ యాప్ పేరు. 1966లో ఎలైజా అనే ప్రోగ్రాము మనిషిలా జవాబిస్తుంటే జనం దానికి మనసు విప్పుకోవడం చూసి, దాన్ని తయారు చేసిన జోసెఫ్ వైజెన్‌బామ్ భయపడి, 1976లో హెచ్చరిస్తూ పుస్తకమే రాశాడు. తయారు చేసినవాడు అట్లా జాగ్రత్త పడ్డాడు. మన గైడు పుస్తకాలేమో ఇవాళ వచ్చిన బాట్‌తో కేసు నోట్సు రాయించుకోండని చెప్తున్నాయి. పేషెంటు పేరుతో సహా అతికించిన ఆ మాటలు ఎక్కడికి పోతాయో ఒక్క ముక్క రాయవు.

కంప్యూటర్ రోజుకొక రకంగా మారుతుంటే పుస్తకం ఎట్లా నిలుస్తుందని రచయితలు అడుగుతారు. నిజమే, నిలవదు. విండోస్ 7కు కంపెనీ రక్షణ 2020 జనవరితో ఆగింది, విండోస్ 10కు 2025 అక్టోబరుతో మామూలు సపోర్టు ఆగింది. నిలవదని తెలిసినప్పుడు ఏ తేదీ దాకా పనికొస్తుందో అట్ట మీద రాయడానికి అభ్యంతరమేమిటి? ప్రతి మందు పెట్టె మీదా గడువు తేదీ ముద్ర వేసే ఫ్యాక్టరీల మధ్యనే గదా మనం బతుకుతున్నాం!

తెలుగు సంగతి ఒక్క మాట. చాలాకాలం మన పుస్తకాలు తెలుగు నోట్సు అను ఫాంట్లలో కొట్టమని నేర్పాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే కనపడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండనే ఉంది. పేషెంటు మాటను పేషెంటు భాషలోనే దాచాలని మాకు నేర్పిన పెద్దలు ఉండేవాళ్లు. గుండె దడ, గాబరా, తల తిప్పు, మనసు పట్టడం లేదు అని ఆయన అన్నది అన్నట్టు రాయాలి. ఆ రాత పదేళ్ల తర్వాత తెరుచుకోకపోతే ఆ మనిషి చరిత్ర పోయినట్టే. యూనికోడ్‌లో ఎట్లా కొట్టాలో పది పేజీలు రాసిన పుస్తకాన్ని నేను నెత్తిన పెట్టుకుంటాను.

కాబట్టి అడుగుతున్నాను. కందిలో ఐఐటీ ఉంది. సంగారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది, ఉస్మానియాలో సైకాలజీ శాఖ ఉంది. ఈ నాలుగు చోట్ల నుంచి నలుగురు కూర్చుని, వంద పేజీలు దాటని తెలుగు చేతిపుస్తకం ఒకటి రాయాలి. అచ్చుకు పంపేముందు పటాన్‌చెరులో పనిచేస్తున్న పది మంది కౌన్సెలర్ల చేత చేయించి చూడాలి. ప్రతి ఫార్ములాకు పక్కనే సరైన జవాబు తెలిసిన ఒక ఉదాహరణ ఉండాలి, చదివేవాళ్లు కొట్టి సరిచూసుకోవడానికి. కల్లుకు గడి ఉండాలి. 23వ సెక్షను తెలుగులో పూర్తిగా ఉండాలి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న మానసిక సాయం ఫోను లైను టెలిమానస్ నంబరు 14416 మొదటి పేజీలో ఉండాలి. అట్ట మీద తారీఖు ఉండాలి.

అది వచ్చేదాకా, ఈ పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేదొకటే. మీ దగ్గరున్న పుస్తకంలో ఇచ్చిన షీటులో ఇవాళే ఇద్దరి మార్కులు వేసి చూడండి, ఒకటి పూర్తిగా బాగున్నవాడివి, ఒకటి పూర్తిగా కుంగినవాడివి. జవాబు తప్పొస్తే ఆ పేజీ కొట్టేసి, ఎక్కడ తప్పిందో కాగితం మీద రాసి, ప్రచురణకర్తకు పోస్టులో పంపండి.